నాన్న కాలి పుండు తగ్గట్లేదు, బయోఫిల్మ్‌కి నానో మందు మన దగ్గర దొరుకుతుందా?

తెనాలి అబ్బాయి:
నాన్నకి 64 ఏళ్లు, షుగర్ వచ్చి పదిహేనేళ్లయింది. కుడి అరికాల్లో బొటనవేలి కింద పుండు పడి మూడు నెలలు దాటింది. పుండు కల్చర్ టెస్టులో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అని వచ్చింది, అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌కి సెన్సిటివ్, అంటే ఆ మందుకి చస్తుందని రాశారు, ఆ ఇంజెక్షన్ల కోర్సు కూడా అయిపోయింది. వారం బాగుంటుంది, తర్వాత కట్టు విప్పితే గాజ్ గుడ్డ మీద మళ్లీ అదే ఆకుపచ్చ మరక, అదే వాసన. బావ ఒక వీడియో పంపాడు, నానో పార్టికల్స్‌లో మందు పెట్టి పంపితే బయోఫిల్మ్ లోపలికి వెళ్లి చంపుతుందట. విజయవాడలో గానీ హైదరాబాద్‌లో గానీ ఉంటే చెప్పండి, ఎంత దూరమైనా తీసుకెళ్తాను. వేలు తీసేస్తారేమోనని అమ్మకి ఒకటే టెన్షన్, రాత్రిళ్లు నిద్రే లేదు.

ల్యాబ్ మనిషి:
నేను డాక్టర్ని కాదు, బయోఫిల్మ్‌ల మీద పీహెచ్‌డీ చేస్తున్నా. ముందు ఆ రిపోర్టు సంగతి. ల్యాబ్‌లో మందుని పరీక్షించేది విడివిడిగా పెరిగే బ్యాక్టీరియా మీద. పుండులో అవి అలా ఉండవు, ఒకదాన్నొకటి అంటుకుని చుట్టూ జిగురు కట్టుకుంటాయి, బయోఫిల్మ్ అంటే అదే. కడగని నీళ్ల తొట్టి గోడకి జారుడుగా పాకుడు పడుతుంది చూడండి, అలాంటిదే. పళ్ల మీద పాచీ బయోఫిల్మే. సూడోమోనాస్ జిగురులో డీఎన్ఏ లాంటి ఋణావేశం ఉన్న పదార్థాలుంటాయి, అమికాసిన్‌ది ధనావేశం, అందుకని మందులో చాలా భాగం పైపొరలోనే ఇరుక్కుపోతుంది. అడుగున ఆక్సిజన్ అందక దాదాపు నిద్రలో ఉన్న బ్యాక్టీరియా మందుకి ఓ పట్టాన చావదు, కోర్సు ఆగగానే మళ్లీ లేస్తుంది.

బావగారు పంపింది అబద్ధం కాదు. ఇదే అమికాసిన్‌ని సుమారు 300 నానోమీటర్ల కొవ్వు బుడగల్లో, అంటే లిపోజోముల్లో నింపి తయారుచేసిన అరికేస్ అనే మందుకి 2018 సెప్టెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. బుడగకి ఆవేశం దాదాపు ఉండదు కాబట్టి జిగురుకి అతుక్కోకుండా లోపలికి జారుతుంది. కానీ అది ఊపిరితిత్తుల్లో మ్యాక్ అనే మొండి ఇన్‌ఫెక్షన్‌కి, నెబ్యులైజర్‌తో రోజుకోసారి పీల్చేది. ట్రయల్‌లో మామూలు మందులు మాత్రమే వాడినవాళ్లలో 8.9 శాతం మందికి కళ్లెలో క్రిములు పోతే, దీన్ని కలిపి వాడినవాళ్లలో 29 శాతం మందికి పోయాయి. అంత గొప్పగా చెప్పుకునే మందుకే ఇదీ లెక్క. 2021లో బ్లాక్ ఫంగస్‌కి దొరక్క జనం పరుగులు పెట్టిన ఆంఫోటెరిసిన్ కూడా లిపోజోమే, అయితే అక్కడ బుడగ ముఖ్యంగా కిడ్నీలకి దెబ్బ తగ్గించడానికి. షుగర్ పుండుకి మాత్రం ఇలాంటి యాంటీబయాటిక్ మామూలు వైద్యంలోకి ఇంకా రాలేదు. ఎలుక చర్మం మీద పనిచేసింది రక్తం సరిగ్గా పారని కాలి మీద పనిచేయాలని లేదు. దాని కోసం ఆగొద్దు.

డ్రెస్సింగ్ సిస్టర్:
తమ్ముడూ, పదకొండేళ్లుగా కాలి పుండ్లకి కట్లు కడుతున్నాను. పుండు అంచున గట్టిపడిన తోలు, లోపలి పసుపుపచ్చ పొర బ్లేడుతో గీకి తీస్తున్నారా? బయోఫిల్మ్‌కి ఇప్పటికైతే అదే అసలు మందు. ఒక్కసారి గీకితే చాలదు, రెండు మూడు రోజుల్లోనే మళ్లీ కట్టేస్తుంది. కాలికి రక్తం సరిగ్గా పారుతోందో లేదో చూసే డాప్లర్ తీశారా? ఎముకదాకా పోయిందేమో ఎక్స్‌రే తీశారా? రక్తం అందని కాలికి ఏ మందు ఎక్కిస్తే మాత్రం అక్కడిదాకా ఎలా వెళ్తుంది? నానో సిల్వర్ డ్రెస్సింగ్ అని ఎవరైనా అంటగడితే తొందరపడొద్దు, పుండు మానడం కోసమే అయితే వెండి పట్టీలు వాడొద్దని అంతర్జాతీయ డయాబెటిక్ ఫుట్ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

ఇంకోటి, ఆయన చెప్పు ఒకసారి తిరగేసి చూడు. బొటనవేలి కింద గుంట పడి ఉంటే ఆ బరువంతా పుండు మీదే పడుతోందన్నమాట. బరువు తప్పించే కట్టో, చెప్పులో వేయించాలి.

తెనాలి అబ్బాయి:
అక్కా, ఇప్పుడే చూశా. సరిగ్గా అక్కడే గుంట ఉంది, రబ్బరు అరిగి కింది పొర కనిపిస్తోంది. ఇంట్లోనేమో వట్టి కాళ్లతోనే తిరుగుతారు, ఎన్నిసార్లు చెప్పినా వినరు. గీకడం మొదట్లో ఒక్కసారే చేశారు, డాప్లర్ అసలు తీయలేదు. గుంటూరులో రక్తనాళాల సర్జన్ దగ్గరికి రేపు పొద్దున్నే తీసుకెళ్తున్నా, పాత ఎక్స్‌రే, కల్చర్ రిపోర్టు పెట్టుకున్నా. ఆ చెప్పు కూడా సంచిలో వేశాను.