ఓవెన్ లేకుండా క్రిస్మస్ కేకు, బిస్కెట్లు: మీ ఇంట్లో ఎలా చేస్తారు?

గుణదల కోడలు:
అందరికీ నమస్కారం. మా అత్తగారు ప్రతి క్రిస్మస్‌కీ చుట్టుపక్కల 20 ఇళ్లకు ప్లేట్లు పంపుతారు. గులాబీ పువ్వులు, చెక్కలు, ఒక కేకు ముక్క. పువ్వులూ చెక్కలూ ఆవిడే చేస్తారు. కేకు మాత్రం ఎప్పుడూ బయటి నుంచే. ఈసారి కేకు నేను చేస్తానని మాటిచ్చాను. ఇంట్లో ఓవెన్ లేదు, 5 లీటర్ల కుక్కర్ ఉంది. మొన్న ఒకసారి చేసి చూస్తే మధ్యలో గుంట పడింది, అడుగు మాడింది, నోట్లో పెట్టుకుంటే సబ్బు తిన్నట్టుంది. కప్పు మైదాకి టీస్పూన్ వంటసోడా వేశాను. మిగతావి పాలు, పంచదార, నూనె, వెనీలా. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పరూ? సెలవుల్లో ఆడపడుచు పిల్లలు వస్తున్నారు, వాళ్ల కోసం బిస్కెట్లు కూడా చేయాలనుంది.

వన్‌టౌన్ వంటిల్లు:
సబ్బు రుచి సోడాదేనమ్మా. వంటసోడాకి పులుపు తోడుండాలి. పెరుగో, నిమ్మరసమో, వెనిగరో. అది లేకపోతే సోడా అలాగే మిగిలిపోయి నాలుకకి తగులుతుంది. బేకింగ్ పౌడర్‌లో ఆ పులుపు పొడి రూపంలో ముందే కలిపి ఉంటుంది, అందుకే కప్పు మైదాకి టీస్పూన్ వేసినా ఏమీ కాదు. సోడా అయితే పావు టీస్పూన్ చాలు, పెరుగు ఎక్కువ పడితే మాత్రం కాస్త పెంచొచ్చు. గుంట పడింది కూడా చాలావరకు దానివల్లే. ఎక్కువ సోడా పడితే పిండి ఒక్కసారిగా పొంగి, ఉడికి గట్టిపడేలోపే కుంగిపోతుంది.

మా ఇంట్లో గుడ్డు లేకుండా చేసేది చెబుతాను, రాసుకోండి. కప్పు గట్టి పెరుగులో ముప్పావు కప్పు పంచదార పూర్తిగా కరిగేదాకా కలపాలి. అందులో ఒకటింపావు టీస్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ సోడా వేసి 5 నిమిషాలు కదపకుండా వదిలేస్తే పెరుగు మీదకి బుడగలు తేలతాయి. అప్పుడు అర కప్పు నూనె, వెనీలా వేసి, జల్లించిన ఒకటిన్నర కప్పు మైదా మూడు విడతలుగా కలుపుకోవాలి. మైదా పడ్డాక గిలకొట్టొద్దు. పొడి కనపడకుండా కలిస్తే చాలు. ఎక్కువ కలిపితే సాగుడు వచ్చి కేకు రొట్టెలా గట్టిపడుతుంది. కలిపిన వెంటనే పొయ్యి మీదికి వెళ్లాలి, పక్కన పెట్టి వేరే పని చూసుకోకూడదు.

బ్రాడీపేట బామ్మ మనవరాలు:
కుక్కర్ సంగతి నేను చెబుతాను, ఏడేళ్లుగా అందులోనే చేస్తున్నా. ముందుగా మూతకున్న రబ్బరు తీసేయండి, విజిల్ పెట్టకండి. నీళ్లు పోయొద్దు, కేకుకి కావాల్సింది పొడి వేడి. అడుగున అర అంగుళం మందాన ఉప్పు పరిచి, దాని మీద ఒక స్టాండు పెట్టి, మూత పెట్టి సన్నని మంట కంటే కొంచెం ఎక్కువ మీద 10 నిమిషాలు కాగనివ్వాలి. గిన్నెకి నూనె రాసి మైదా చల్లి, సగానికి కాస్త పైన మాత్రమే పిండి పోయాలి. గిన్నె లోపల పెట్టాక మంట పూర్తిగా తగ్గించి 40, 45 నిమిషాలు. మొదటి అరగంట మూత తీయకూడదు. గుంట పడటానికి అది రెండో కారణం. అరగంట తర్వాత శుభ్రమైన పుల్ల గుచ్చి చూడండి, తడి పిండి అంటుకోకుండా వస్తే అయిపోయినట్టు.

అల్యూమినియం కుక్కర్ ఇలా ఖాళీగా కాగితే లోపల నల్లబడుతుంది. నాది అలాగే పాడైంది. దీనికోసం ఒక పాత కుక్కర్ విడిగా పెట్టుకోండి. ఆ ఉప్పు పారేయక్కర్లేదు, సీసాలో పోసి మళ్లీ కేకుకే వాడుకోవచ్చు.

పటమట ఉద్యోగి:
ఉప్పు, ఇసుక లేకపోయినా నడుస్తుందండీ, స్టాండు ఉంటే చాలు. నేను రెండు రకాలుగానూ చేసి చూశాను. ఉప్పు ఉంటే వేడి నిలకడగా ఉంటుంది, లేకపోతే మంట మీద ఒక కన్నేసి ఉంచాలి, అంతే తేడా.

వీలైతే ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, కొనుక్కోండి అని నా సలహా. 1500 వాట్లది గంటసేపు పూర్తిగా నడిచినా ఒకటిన్నర యూనిట్ మించదు, కరెంటు బిల్లు గురించి భయపడి నేను అనవసరంగా మూడేళ్లు ఆగాను. కేకుకి 180 డిగ్రీలు. మామూలు మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, కన్వెక్షన్ (లోపల వేడిగాలి తిరిగే పద్ధతి) ఉన్నదైతేనే పైన ఎర్రగా వస్తుంది.

గుణదల కోడలు:
రబ్బరు తీయాలని నాకు తెలియనే తెలియదు! మరి బిస్కెట్లు కుక్కర్‌లో అవుతాయా?

కొత్తపేట టీచర్:
గుంటూరులో మా చిన్నప్పుడు బిస్కెట్లు ఇంట్లో కాల్చేవాళ్లం కాదు, బేకరీలో చేయించుకునేవాళ్లం. మైదా, పంచదార, డాల్డా తూకం వేసి పట్టుకెళితే వాళ్లు కలిపి, అచ్చులు వేసి, బట్టీలో కాల్చి ఇచ్చేవాళ్లు. క్రిస్మస్ వారంలో పొద్దున్నే వెళ్లి వరసలో కూర్చుంటే మధ్యాహ్నానికి మన వంతు. పెద్ద రేకు డబ్బా నిండా వేడి బిస్కెట్లు పెట్టుకుని రిక్షాలో ఇంటికొస్తుంటే ఆ వాసనకి దారిలో పిల్లలు వెనక పరిగెత్తేవారు. మా నాన్న ఆగి తలా ఒకటి ఇచ్చేవారు. సంక్రాంతి దాకా ఆ డబ్బానే మాకు.

ఇప్పుడు ఇంట్లోనే నాన్‌ఖటాయ్ చేస్తున్నా, కుక్కర్ కంటే వెడల్పు మూకుడు నయం. మూకుడులో స్టాండు, దాని మీద నెయ్యి రాసిన స్టీలు పళ్లెం, పైన బిగుతు మూత. ఒక విడతకి ఏడెనిమిది పడతాయి. సన్నని మంట మీద 20 నిమిషాలు.

సత్యనారాయణపురం అమ్మ:
నాన్‌ఖటాయ్‌కి అసలు కీలకం నెయ్యి. పేరుకున్న నెయ్యి కావాలి, కరిగింది పనికిరాదు. మన బెజవాడలో డిసెంబరు పొద్దుటి చలికి నెయ్యి దానంతటదే గడ్డకడుతుంది, అందుకే ఈ రోజుల్లో చేసినవి బాగా కుదురుతాయి. మేలో చేయాలంటే ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. అర కప్పు నెయ్యి, అర కప్పు పంచదార పొడి తెల్లగా నురగలా అయ్యేదాకా చేత్తో గిలకొట్టి, ముప్పావు కప్పు మైదా, పావు కప్పు శనగపిండి, రెండు చెంచాల బొంబాయి రవ్వ, చిటికెడు సోడా, యాలకుల పొడి. ముద్ద కడితే చాలు, చపాతీ పిండిలా పిసకొద్దు.

ఇంకో మాట. తీసేటప్పుడు మెత్తగా ఉంటే ఉడకలేదని మళ్లీ పెట్టకండి. వేడి మీద మెత్తగానే ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి. మా చెల్లెలు అలాగే మళ్లీ పెట్టి రెండు విడతలు మాడ్చేసింది. మాది క్రిస్మస్ చేసుకునే ఇల్లు కాదు, కానీ పక్కింటి వాళ్ల ప్లేటు రాకుండా మాకు డిసెంబరు గడవదు. సంక్రాంతికి మా అరిసెలు వాళ్లింటికి వెళతాయి.

బ్రాడీపేట బామ్మ మనవరాలు:
ప్లేట్లలోకి కదా, కొంచెం పండగ రంగు కావాలంటే ఎండు ద్రాక్ష, ఖర్జూరం, టూటీఫ్రూటీ సన్నగా తరిగి రాత్రి ద్రాక్షరసంలో నానబెట్టండి. కలిపేముందు రసం వార్చి మైదాలో దొర్లిస్తే అడుక్కి దిగిపోవు. ముదురు రంగు కోసం నాలుగు చెంచాల పంచదారని ముదురు గోధుమ రంగు వచ్చేదాకా కరిగించి, మంట ఆపి, వేడి నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. చల్లనీళ్లు పోస్తే ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది, చెయ్యి కాలుతుంది, జాగ్రత్త. ఆ పాకం చల్లారాకే పిండిలో కలపాలి. ఆ మేరకు పెరుగు రెండు చెంచాలు తగ్గించుకోండి.

20 ఇళ్లంటే ఒక కేకు చాలదు. రెండు చేయండి, 23న ఒకటి, 24 పొద్దున ఇంకొకటి. పూర్తిగా చల్లారాకే కొయ్యండి, వేడి మీద కోస్తే ముక్క విరిగిపోతుంది.

గుణదల కోడలు:
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం పెరుగు కొలతతో మళ్లీ చేశాను. రబ్బరు తీసి, ఉప్పు పరిచి, 35 నిమిషాల దాకా మూత ముట్టుకోలేదు. 45కి పుల్ల శుభ్రంగా వచ్చింది. గుంట పడలేదు. ఒక పక్క కాస్త ఎక్కువ ఎర్రబడింది, మా పొయ్యి మంట ఆ వైపు ఎక్కువని ఇప్పుడు తెలిసింది, ఈసారి స్టాండు ఇవతలికి జరుపుతాను. అత్తగారు ఒక ముక్క తిని, ఏమీ అనకుండా రెండో ముక్క తీసుకున్నారు. తర్వాత స్టోర్‌రూములోంచి వాళ్ల అమ్మగారి పాత కుక్కర్ తెచ్చి ఇచ్చారు. ఇవాళ ద్రాక్ష, ఖర్జూరం నానబెట్టేశాను. సత్యనారాయణపురం అమ్మగారూ, మీ నాన్‌ఖటాయ్ రేపు పొద్దున్నే, నెయ్యి కరగకముందే మొదలుపెడతాను.