గురువు లేకుండా ధ్యానం సాగుతుందా? కోనసీమ నుంచి ఒక సందేహం

సందేహం (అమలాపురం ప్రాంతం నుంచి):

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారి కాలం నుంచి మా ఇంట్లో బుద్ధ వందన, పంచశీల ఉన్నాయి గాని, ధ్యానం కూర్చోబెట్టి నేర్పినవారు ఎవరూ లేరు. పుస్తకాలు చదివి, ఫోనులో ప్రసంగాలు విని తెల్లవారుజామున ఆనాపానసతి (శ్వాసను గమనించే ధ్యానం) చేస్తున్నాను. కూర్చున్న కాసేపటికే మెడ బిగుసుకుపోతోంది. శ్వాసను గమనిస్తున్నానో, నేనే లాగి వదులుతున్నానో తెలియడం లేదు. ఈమధ్య మా వైపు వచ్చిన ఒక ఆచార్యులు, తన దగ్గర దీక్ష తీసుకుంటే తప్ప సాధన ఫలించదని, పద్ధతిని ఎవరికీ చెప్పకూడదని, దక్షిణ ముందే చెల్లించాలని అంటున్నారు. ఆయన మాట, నడత ఎంతో శాంతంగా ఉన్నాయి. వెళ్లమంటారా?

సమాధానం (రాజమహేంద్రవరం నుంచి):

శాంతంగా కనిపించడాన్ని మాత్రం ఆధారం చేసుకోకండి. బుద్ధుడి బోధనల పాళీ సంకలనాలలో ఒకటైన సంయుత్త నికాయంలో దీనికి సరిపోయే ఘట్టం ఒకటి ఉంది. శ్రావస్తిలో బుద్ధుడి దగ్గర కూర్చున్న కోసల రాజు ప్రసేనజిత్తు, ఆ దారిన పోతున్న జటాధారులను, పరివ్రాజకులను చూసి, లేచి మోకాలు నేలకు ఆనించి నమస్కరించి, లోకంలో ఉన్న అర్హతులలో (ముక్తి పొందినవారిలో) వీరూ ఉన్నారని బుద్ధుడితో అన్నాడు. సంసారంలో ఉన్న గృహస్థుకు అది తెలుసుకోవడం కష్టమని బుద్ధుడు జవాబిచ్చాడు. ఒకరి శీలం కలిసి మెలిగితేనే తెలుస్తుంది, అదీ చాలాకాలం మీద, శ్రద్ధగా గమనించేవారికే తెలుస్తుంది. నిజాయితీ వ్యవహారంలోను, స్థైర్యం ఆపదలోను, ప్రజ్ఞ చర్చలోను బయటపడతాయి అన్నాడు. అప్పుడు రాజు, వారంతా తాను దేశాల మీదికి పంపిన వేగులవారని, ఇంటికి వెళ్లాక స్నానం చేసి తెల్లబట్టలు కట్టి సుఖాలు అనుభవిస్తారని ఒప్పుకున్నాడు.

కాబట్టి మీరు కనుక్కోవలసింది ఆ ఆచార్యుల దగ్గర ఇదివరకే నేర్చుకున్నవారు ఎలా ఉన్నారనేది. వారిలో కోపం, ఆశ తగ్గాయా? వేరే చోట నేర్చుకోవడానికి వెళ్లిన శిష్యుణ్ణి ఆయన ఎలా చూస్తారు? ప్రశ్న అడిగితే జవాబు వస్తుందా, మందలింపు వస్తుందా? అలాంటి మరో సంకలనమైన మధ్యమ నికాయంలోని వీమంసక సుత్తంలో బుద్ధుడు తనను కూడా ఇలాగే కంటితో చూసి, చెవితో విని పరీక్షించమన్నాడు. ఆయన్నే పరీక్షించవచ్చునన్నప్పుడు మన ఊరికి వచ్చినవారిని పరీక్షించడం అపచారమెలా అవుతుంది?

రహస్యం సంగతి. బోధించవలసినదాన్ని పిడికిట్లో దాచుకునే ఆచార్యుడిని తాను కానని బుద్ధుడు అంతిమ దినాలలో తన శిష్యుడు ఆనందుడికి స్పష్టంగా చెప్పాడు. టిబెట్‌లో నిలిచిన తాంత్రిక బౌద్ధమైన వజ్రయానంలో గుప్త దీక్షలున్న మాట నిజమే. కాని 2006 జనవరిలో అమరావతిలో దలైలామా జరిపిన కాలచక్ర దీక్షా కార్యక్రమానికి మన జిల్లాలవారూ వెళ్లి బహిరంగంగానే కూర్చున్నారు. అంతేకాదు, శిష్యుడు గురువును, గురువు శిష్యుణ్ణి ముందు పరీక్షించుకోవాలని ఆ సంప్రదాయమే గట్టిగా చెబుతుంది. ఇక వచ్చినవారు భిక్షువైతే ఇంకొక గుర్తు ఉంది: తనకు నిజంగా సిద్ధించిన అతీత స్థితులను సైతం గృహస్థులకు చెప్పుకోవడం వినయం (భిక్షువుల నియమావళి) ప్రకారం దోషం, లేనివి ఉన్నాయని తెలిసి చెప్పుకుంటే భిక్షుత్వమే పోతుంది. ధనం స్వీకరించడమూ భిక్షువుకు నిషిద్ధమే.

గురువు తప్పనిసరా అంటే, అన్నీ అప్పగించి పాదాలు పట్టుకునే వ్యక్తి అవసరమని నేను అనుకోను. మన గోదావరి తీరంలో మంత్రోపదేశం పొందే అలవాటు బలంగా ఉండడం వల్ల ఆ ఊహ మనకు సులభంగా వస్తుంది. ధర్మంలో ఉన్నది కల్యాణమిత్రుడు, అంటే మంచి దారిలో తోడు నిలిచే మిత్రుడు. సన్మిత్రత బ్రహ్మచర్యంలో (ధర్మజీవనంలో) సగమని ఆనందుడు అంటే, సగం కాదు, అంతా అదేనని బుద్ధుడు సరిదిద్దాడు. కనుక మీకు మనిషి తోడు కావాలి. ఒంటరిగా ఏళ్ల తరబడి నెట్టుకు రావద్దు.

మరొక సమాధానం (భీమవరం నుంచి):

అండీ, మీకు దగ్గరలోనే మార్గం ఉంది. భీమవరం పక్కన కుముదవల్లిలో ధమ్మారామ, ఏలూరు దాటాక విజయరాయిలో ధమ్మవిజయ అనే విపశ్యన ధ్యాన కేంద్రాలున్నాయి. బర్మాలో ధ్యానాచార్యులు సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకున్న ఎస్.ఎన్. గోయెంకా గారి పద్ధతి అక్కడ నేర్పుతారు. శిబిరం పది రోజులు, రుసుము లేదు, ఒక శిబిరం పూర్తి చేసినవారి నుంచే దానం తీసుకుంటారు. మొదటి మూడు రోజులూ ఆనాపానే. తోటివారితో మౌనం పాటించినా, మధ్యాహ్నం పన్నెండు దాటాక పేరు రాయించుకున్నవారిని ఆచార్యులు ఒక్కొక్కరిగా పిలుస్తారు. ఎదురుగా కూర్చుని సాధనకు సంబంధించిన ప్రశ్న అడగవచ్చు. ఆ కొద్ది నిమిషాలలో మీ మెడ బిగువు, శ్వాసను లాగడం చెప్పండి. అక్కడ నేర్పేది సహజంగా వచ్చే శ్వాసను ఉన్నదున్నట్టు చూడటమే, దాన్ని నియంత్రించడం కాదు. తీవ్రమైన మానసిక అనారోగ్యం ఏదైనా ఉంటే దరఖాస్తులో దాచకుండా రాయాలి.

అనుబంధ ప్రశ్న (అమలాపురం ప్రాంతం నుంచి):

ఇద్దరికీ కృతజ్ఞతలు. రొయ్యల చెరువు చూసుకునేవాణ్ణి, పంట పట్టుబడి అయ్యాక దరఖాస్తు చేస్తాను. ఈలోగా ఆ ఆచార్యులకు ఏమని చెప్పాలి?

సమాధానం (రాజమహేంద్రవరం నుంచి):

మీ ప్రసంగాలు కొన్నాళ్లు విని, మీ శిష్యులతో మాట్లాడి, ఆ తరువాత నిర్ణయించుకుంటానని మర్యాదగా చెప్పండి. సమ్మతిస్తే వెళ్లి వినండి, దక్షిణ మాత్రం ఇప్పుడు ఇవ్వకండి. ఆగ్రహించి, మీ సాధనకు కీడు జరుగుతుందని భయపెడితే ఇక వెళ్లనవసరం లేదు.