పాత గేట్స్ స్టా-లెవెల్ లిమిటర్: కండెన్సర్లన్నీ మార్చేయాలా, పాడైనవే మార్చాలా?

రేడియోగది (చికాగో):
ఇక్కడ మూతపడిన ఒక చిన్న రేడియో స్టేషన్ సామాన్లలో గేట్స్ స్టా-లెవెల్ ఒకటి దొరికింది. 1950లలో ఇల్లినాయ్ రాష్ట్రం క్విన్సీలో గేట్స్ కంపెనీ చేసిన ట్యూబ్ లిమిటర్. అనౌన్సర్ గొంతు పెంచినా తగ్గించినా బయటికి వెళ్లే లెవెల్ నిలకడగా ఉంచడం దీని పని. నేను పాటల్లో గొంతు మీద వాడదామనుకుంటున్నాను. ఆన్ అవుతోంది, సన్నగా హమ్ ఉంది. రిలీజ్ (తగ్గించిన లెవెల్‌ని మళ్లీ వదలడం) మాత్రం చాలా త్వరగా అవుతోంది, అది నాకు బాగా నచ్చింది. అడుగు రేకు విప్పితే అన్నీ మైనం పూసిన పేపర్ కండెన్సర్లే. ఒకదాని మైనం కరిగి, ట్యాగ్ స్ట్రిప్ మీదికి జారి గడ్డకట్టింది. అన్నీ పీకేసి కొత్తవి వేస్తే ఈ సౌండ్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

మిక్స్‌రూమ్ (హైదరాబాద్):
అన్నీ మార్చేయండి, రెండో ఆలోచన వద్దు. సింగర్ మంచి టేక్ పాడుతుండగా పెట్టె చిటపటలాడితే ఆ టేక్ మళ్లీ రాదు. సెట్టింగులు మార్చుకునే నాబులు కూడా పెట్టించండి. లండన్ అబ్బే రోడ్‌లో ఈఎంఐ ఇంజనీర్లు ఆల్టెక్ 436 అనే కంప్రెసర్‌ని (ఇలాగే లెవెల్ అదుపుచేసే పెట్టె) తమకు కావలసినట్టు మార్చుకుని, ఆర్‌ఎస్124 అని పేరుపెట్టుకున్నారు. ఇప్పుడు అందరూ వెతికేది ఆ మార్చినదాన్నే. స్టూడియోకి తెచ్చాక అది పనిముట్టు.

గాజుగొట్టం (బెంగళూరు):
మిక్స్‌రూమ్ గారూ, ఈఎంఐ వాళ్లు మార్చింది అప్పట్లో మామూలుగా దొరికే పెట్టెని. ఈయన చేతిలో ఉన్నది మళ్లీ తయారుకాదు. ప్యానెల్‌కి ఒక్క రంధ్రం పెట్టినా తిరిగి పూడ్చలేం. పవర్ సప్లైలో ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు మార్చి హమ్ తగ్గించండి, మిగతా వాటిని ముట్టుకోవద్దు. చెవికి బాగున్నప్పుడు సోల్డరింగ్ ఐరన్ ఎందుకు?

పాతరేడియో (విజయవాడ):
తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లుగా వాల్వు సెట్లు బాగుచేస్తున్నాను. చెవికి బాగుంది కాబట్టి ముట్టుకోవద్దనడం నేను ఒప్పుకోను. నీకు నచ్చిన ఆ రిలీజ్ సంగతే చూడు. పాట గట్టిగా వచ్చినప్పుడు డయోడ్ ట్యూబ్ సిగ్నల్‌ని డీసీగా మార్చి ఒక కండెన్సర్‌లో నింపుతుంది. ఆ నెగెటివ్ వోల్టేజి గెయిన్‌ని అదుపుచేసే 6386 ట్యూబ్ గ్రిడ్‌కి వెళ్లి గెయిన్ తగ్గిస్తుంది. ఆ కండెన్సర్ ఖాళీ అయ్యేదాకా పట్టే సమయమే రిలీజ్. స్టా-లెవెల్ అనౌన్సర్ మాట కోసం చేసినది, నెమ్మదిగా వదలాలి. నీది గబుక్కున వదులుతోందంటే కండెన్సర్ లోపల్లోపల కారిపోతున్నట్టే. అది గేట్స్ వాళ్ల సౌండ్ కాదు, రోగం. వేడెక్కిన కొద్దీ ఇంకా మారుతుంది. పొద్దున ఒక రకంగా, సాయంత్రం ఇంకో రకంగా పనిచేసే లిమిటర్‌తో పాట మిక్స్ చేయలేవు.

ఇంతకన్నా పెద్ద భయం సిగ్నల్‌ని బయటికి పంపే 6వి6 ట్యూబుల దగ్గర. వాటి గ్రిడ్ ముందున్న కప్లింగ్ కండెన్సర్ (డీసీని ఆపి సిగ్నల్‌ని మాత్రమే పంపేది) లీకైతే వెనకటి స్టేజీలోని పాజిటివ్ వోల్టేజి గ్రిడ్‌కి చేరుతుంది. ట్యూబ్ కరెంటు విపరీతంగా తాగుతుంది, ప్లేటు ఎర్రబడుతుంది. దానితోపాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిందా, ఇక ఆ సౌండ్ ఏ బజారులోనూ దొరకదు. గాజుగొట్టం గారు కాపాడదామంటున్నది ఆ ట్రాన్స్‌ఫార్మర్‌నైతే, ఆ కండెన్సర్లను మార్చక తప్పదు.

అలాగని అన్నీ పీకేయమనడం లేదు. కార్బన్ రెసిస్టర్లు వయసుతోపాటు విలువ పెరుగుతాయి. కొలిచి, పక్కకు పోయినవే మార్చు. ట్రాన్స్‌ఫార్మర్ల జోలికి వెళ్లకు. 6386కి మాత్రం ప్రత్యేకంగా చూడాలి. దాని గ్రిడ్ తీగ చుట్లు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటాయి, అందుకే గెయిన్ ఒక్కసారిగా తెగిపోకుండా మెల్లగా తగ్గుతుంది. పిన్నులు సరిపోతాయని 5670 అనే ఇంకో ట్యూబ్ పెడితే ఆ మెత్తదనం రాదు. ట్యూబులోని రెండు సగాలూ సమానంగా లేకపోతే లిమిట్ అయిన ప్రతిసారీ గుబుక్కుమంటుంది. జేజే కంపెనీ 6386ఎల్‌జీపీ కొత్తగా చేస్తోంది, రెండు సగాలూ సమానంగా ఉన్నట్టు సరిచూసినది అడుగు.

మొదట సిరీస్ బల్బు (కరెంటు దారిలో మామూలు బల్బు) పెట్టి కరెంటివ్వు. రెండు పిన్నుల తీగ తీసేసి ఎర్తుతో మూడు పిన్నులది వెయ్యి. ఆపేశాక కూడా హెచ్‌టీ (హై వోల్టేజి) కండెన్సర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి నిలిచి ఉంటుంది, రెసిస్టర్‌తో దింపి, మీటరుతో చూసి, అప్పుడే చెయ్యి పెట్టు.

మిక్స్‌రూమ్:
అన్నా, కొలత సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆయనకు నచ్చింది త్వరగా వదిలే రిలీజ్. అసలుదే పెడితే రికార్డింగ్‌కి పనికొస్తుందా? నా లెక్కలో స్విచ్ పెట్టడమే న్యాయం.

పాతరేడియో:
పెట్టుకోనివ్వు. కానీ ముందు బాగున్న కండెన్సర్‌తో నెమ్మది రిలీజ్ వినాలి. ఆ తర్వాత దానికి సమాంతరంగా ఒక రెసిస్టర్, వెనకవైపు ఉన్న రంధ్రంలోనే చిన్న స్విచ్ పెడితే చాలు. కావాలంటే రేపు తీసేయొచ్చు. రోగం కాస్తా చెప్పినట్టు వినే సెట్టింగ్ అవుతుంది.

గాజుగొట్టం:
కొత్త రంధ్రం లేకుండా అయితే నాకు అభ్యంతరం లేదు. తీసిన ప్రతి కండెన్సర్‌నీ ఎక్కడిదో రాసి కవర్‌లో దాచండి. ఇంకో మాట, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ 600 ఓమ్‌ల లోడ్ కోసం చుట్టింది. కంప్యూటర్‌కి కలిపే ఇప్పటి ఆడియో ఇంటర్‌ఫేస్‌లు అంత లోడ్ ఇవ్వవు, అవుట్‌పుట్ మీద ఒక 600 ఓమ్ రెసిస్టర్ పెట్టి అప్పుడు వినండి.

రేడియోగది:
కొలిచాను. సిగ్నల్ లేకుండా ఒక 6వి6 గ్రిడ్ మీద దాదాపు సున్నా, రెండోదాని మీద 9 వోల్టులు. ట్యూబ్ తీసి కాసేపు చూసినా ఆ 9 పోలేదు, అంటే కండెన్సరే. అది మైనం కారినదే! కప్లింగ్ కండెన్సర్లు, రిలీజ్ టైమింగ్ కండెన్సర్, ఎలక్ట్రోలిటిక్‌లు ఆర్డర్ పెట్టాను. అవి వచ్చేదాకా ఆన్ చేయను.