ఇంగ్లిష్ పీరియడ్‌లో జాతర యాట మీద నాటకం వేయించవచ్చా?

నల్లగొండ ఇంగ్లిష్ టీచర్:

నల్లగొండకు దగ్గరలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతున్నాను. ఈ మధ్య పిల్లలను మూడు జట్లు చేసి, తమకు తెలిసిన ఏదైనా తగాదాను తీసుకుని చిన్న నాటకంగా ఇంగ్లిష్‌లో రాసి ఆడమన్నాను. మొదటి జట్టు కాల్వ చివరి పొలాలకు నీళ్లు రాక రెండు ఊళ్లు కొట్లాటకు దిగడాన్ని ఎంచుకుంది. రెండో జట్టు పదో తరగతి ఫలితాలకు ముందురోజు రాత్రి ఒక ఇంట్లో జరిగేది రాసింది. మూడో జట్టు కథ సూర్యాపేట దగ్గర లింగమంతుల స్వామికి జరిగే పెద్దగట్టు జాతరది. జాతర రెండేళ్లకోసారి వస్తుంది కదా, మొక్కుకున్న మేకపిల్లను, అంటే యాటను, ఆ మధ్యకాలమంతా ఒక అమ్మాయి సాకుతుంది. దానికి పేరు కూడా పెట్టుకుంటుంది. జాతర దగ్గరపడ్డాక తండ్రి మొక్కు తీర్చాలంటాడు, అమ్మాయి వద్దంటుంది. నాటకం అక్కడే ఆగుతుంది. తీర్పు రాయవద్దని నేనే చెప్పాను.

మరునాడు ఇద్దరు తల్లిదండ్రులు బడికి వచ్చారు. మా దేవుడి మీద నాటకాలు వేయించడానికి మీరెవరని ఒకరు అడిగారు. ఈ నాటకాల మధ్య వ్యాకరణం ఎప్పుడు చెబుతారని ఇంకొకరు అడిగారు. రెండూ అడగవలసిన ప్రశ్నలే. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

నా మాట దాచను. వేయించాలనే అంటాను. ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉంటాయి. పిల్లలు చదవగలుగుతున్నారు, చూసి రాయగలుగుతున్నారు, నోరు మాత్రం విప్పరు. ఆ రోజు మేక పాత్ర వేసిన పిల్లవాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరైనా ప్రశ్నలు అడగవచ్చు, ఇంగ్లిష్‌లోనే అడగాలి అన్నాను. ఏడాదిలో నాతో ఒక్క వాక్యం మాట్లాడని పిల్ల లేచి, నిన్ను సాకింది మేమే కదా, మరి నువ్వు ఎవరిదానివి అని అడిగింది. క్రియారూపం తప్పు, ప్రశ్న తప్పు కాదు. చెప్పవలసింది ఉన్నప్పుడే భాష వస్తుందని నేను నమ్ముతాను.

మందకాపరి:

సార్, మాది గొర్రెలు కాచుకునే కుటుంబం. గజ్జెలు కట్టుకుని ‘ఓ లింగా’ అంటూ గట్టు ఎక్కినవాణ్ని. మీ బడికి వచ్చిన మనిషి నాకు తెలియదు కానీ ఆయన తరఫున మాట్లాడతాను.

తీర్పు రాయలేదంటున్నారు. కథను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారన్నదే తీర్పు. పేరు పెట్టుకున్న మేక, ఏడ్చే ఆడపిల్ల, కత్తి పట్టుకున్న తండ్రి. చూసేవారి జాలి ఎటు పోతుందో చెప్పడానికి వేరే వాక్యం అక్కరలేదు. ఆ తండ్రి వానలో, ఎండలో మంద వెంట నడిచింది నాటకంలో లేదు. ఈనలేక ఇబ్బంది పడుతున్న మేక పక్కన రాత్రంతా కూర్చున్నది లేదు. గట్టు మీద కోసిన యాటను చుట్టాలూ పక్కాలూ కలిసి తినడమూ లేదు.

ఇంకొకటి. మీ బడిలో మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు గుడ్లు పెడతారు. ఆ గుడ్డు పెట్టిన కోడి ఎక్కడ పెరిగింది? ఇనుప గూళ్లలో ఒక్కో కోడికి దక్కే చోటు ఏ4 కాగితమంత కూడా ఉండదు. పుట్టిన దగ్గర నుంచి అది రెక్క విప్పదు. మా మేక చచ్చేరోజు దాకా గట్ల మీద తిరుగుతుంది. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణే దేశంలో మొదటిది. అంతకు రెండేళ్ల ముందు, 2017లో, 75 శాతం సబ్సిడీ మీద మాలాంటివారికి ఒక్కొక్కరికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది ప్రభుత్వమే. ఆదివారం పొద్దున మాంసం దుకాణాల ముందు నిలబడేవారిని ఎవరూ నాటకంలో పెట్టరు. దేవుడి ముందు కోస్తే క్రూరత్వం, దుకాణంలో కోస్తే కూర. ఇది జంతువుల మీద ప్రేమ కాదు, మా మీద చిన్నచూపు.

మిర్యాలగూడ అమ్మ:

దేవుడి సంగతి మీరు మీరు తేల్చుకోండి. నేను రెండో ప్రశ్న వేసిన తల్లివంటిదాన్ని. మా పాప చదివే బడిలోనూ ఇలాగే, చదువుల ఒత్తిడి తగ్గించడం గురించి, ఇంగ్లిష్ నాటకం పెట్టారు. పాపకు నాలుగు వాక్యాలు ఇచ్చారు. వారం రోజులు అన్నం సరిగా తినలేదు, నాటకం రోజు పొద్దున జ్వరం. తెలుగులో పద్యం అప్పజెప్పమంటే ఊరంతా వినేలా చెప్పే పిల్ల అది. రాని భాషలో నలుగురి ముందు నిలబెట్టి, ఒత్తిడి తగ్గించడం గురించి నాటకం వేయించడం ఎక్కడి పద్ధతి?

పైగా ప్రైవేటు బడుల పిల్లలు ట్యూషన్‌లో పాత ప్రశ్నపత్రాలు రాస్తూ ఉంటారు. పదో తరగతి ఇంగ్లిష్ రాతపరీక్షకు 80 మార్కులు. అక్కడ మేక అడిగే ప్రశ్నలు రావు. మేము కూలికి పోయి చదివించేది ప్రయోగాల కోసం కాదు.

వీధినాటకం:

చాలా ఏళ్లుగా బడిపిల్లలతో నాటకాలు చేయిస్తున్నాను. అమ్మగారి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇక్కడ అన్నిటికన్నా బరువైన మాట అదే. పిల్లలకు వాక్యాలు ఇచ్చి కంఠస్థం చేయించి వేదిక ఎక్కించడం నాటకం కాదు, అది ఇంకొక పరీక్ష. ఆ పాపకు జ్వరం రావడంలో వింతేమీ లేదు.

టీచర్‌గారు చేసింది వేరు. బ్రెజిల్‌కు చెందిన అగస్తో బోల్ అనే రంగస్థల దర్శకుడు 1970ల నుంచి పెంచిన పద్ధతి ఒకటుంది, ఫోరం థియేటర్ అంటారు. అన్యాయం జరిగే చోటి దాకా నాటకం ఒకసారి ఆడతారు. రెండోసారి ఆడుతున్నప్పుడు చూసేవారిలో ఎవరైనా ‘ఆపండి’ అనవచ్చు. అన్నవారు లేచి వచ్చి ఆ పాత్ర చోట నిలబడి, తానైతే ఏమి చేసేవారో చేసి చూపిస్తారు. మిగతా పాత్రలు ఊరికే ఒప్పుకోవు, ఎదురు చెబుతాయి. ముందే రాసిపెట్టుకున్న వాక్యం ఉండదు కాబట్టి మరిచిపోతానన్న భయమూ ఉండదు. రానివారు కూర్చుని చూడవచ్చు, అదీ పాల్గొనడమే. మొదట తెలుగులో ఆడి, తరువాత అదే సన్నివేశాన్ని ఇంగ్లిష్‌లో ఆడితే ఏమి చెప్పాలో ముందే తెలిసి ఉంటుంది, ఎలా చెప్పాలన్నదే మిగులుతుంది.

ఇక మందకాపరి అన్నా, నువ్వు పట్టుకున్న లోపం నిజమైనదే. జాతర నాటకంలో తండ్రి చోటికి ఎవరూ లేచి రాకపోతే అది సగం నాటకం.

నల్లగొండ ఇంగ్లిష్ టీచర్:

అమ్మా, మార్కుల మాట మొదట. పదో తరగతి పరీక్షలో ఒక కథను ఇచ్చి, ఆ ఇద్దరి మధ్య జరిగి ఉండగల సంభాషణ రాయమంటారు. డైరీ, ఉత్తరం, ప్రసంగం రాయమంటారు. డైరెక్ట్ స్పీచ్‌ను ఇన్‌డైరెక్ట్‌గా మార్చమంటారు. తండ్రి ఏమన్నాడో కూతురు తల్లికి వెళ్లి చెప్పే సన్నివేశం ఆడిస్తే అది ఆ మార్పిడే, నల్లబల్ల మీద సూత్రం రాసే అవసరం తగ్గుతుంది. పదో తరగతి ఇంగ్లిష్ వాచకంలో నాటకరంగం, జీవవైవిధ్యం, మానవ హక్కులు యూనిట్లుగానే ఉన్నాయి. నేను పుస్తకం దాటి పోలేదు. అయినా మీ పాప విషయంలో మీదే న్యాయం. ఏ పిల్లనూ బలవంతంగా నిలబెట్టకూడదు.

మందకాపరిగారూ, చట్టం వైపు నుంచి ఒక మాట. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. అందులో 28వ సెక్షన్, మతం నిర్దేశించిన విధంగా జంతువును వధించడం ఆ చట్టం కింద నేరం కాదంటుంది. అంటే ఆ చట్టం నాటకంలోని తండ్రిని నేరస్థుడనడం లేదు. అదే చట్టంలోని 11వ సెక్షన్, కదలడానికి చాలినంత చోటు లేని పంజరంలో జంతువును ఉంచడాన్ని, బాధ కలిగేలా బండ్లలో కుక్కి తరలించడాన్ని క్రూరత్వమంటుంది. మీరు చెప్పిన కోడి అక్కడే ఉంది. ఈ రెండు సెక్షన్లూ పిల్లల ముందు పెట్టి, చంపడం గురించి మాట్లాడుతున్నామా, బతికినంతకాలం ఎలా బతికిందన్నది మాట్లాడుతున్నామా అని అడగాలని ఉంది. నాకు రెండోదే పెద్ద ప్రశ్న.

కానీ ఒక చోట మీతో ఏకీభవించను. మీ కులం ఆచారం కాబట్టి మీ అమ్మాయి దాని గురించి అడగకూడదంటే ఒప్పుకోలేను. ఆ కథ రాసిన జట్టులో ఇద్దరు మందలున్న ఇళ్ల పిల్లలే. నేను కథ ఇవ్వలేదు, వారే తెచ్చుకున్నారు.

దేవరకొండ విద్యార్థిని:

నేను ఇంటర్ రెండో సంవత్సరం. ఫలితాల రాత్రి నాటకం గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను. మా బడిలో ఇలాంటిదే వేశారు. చివర్లో ఫెయిలైన అబ్బాయి చనిపోయినట్టు చూపించారు, అందరూ ఏడ్చారు, టీచర్లు బాగుందన్నారు. నాకు బాగుండలేదు. ఆ ఏడాది లెక్కల్లో నాకు తక్కువ వస్తాయని నాకు ముందే తెలుసు. చనిపోతేనే ఇంట్లోవాళ్లకు అర్థమవుతుందని ఆ నాటకం నాకు చెప్పింది.

దయచేసి అలా ముగించకండి. అబ్బాయి ఎవరికైనా ఫోన్ చేసినట్టు చూపించండి. మనసు బాగాలేనివారు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, 2022 నుంచి ఉంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ ఫోన్ సంభాషణే నాటకం చేయండి. సప్లిమెంటరీ రాసి పాసైన అక్కను ఒక పాత్ర చేయండి. మా ఊళ్లో అలాంటివారు చాలామంది ఉన్నారు, వారి గురించి ఎవరూ నాటకం వేయరు.

వీధినాటకం:

చెల్లీ, ఇది ప్రతి బడికీ చేరవలసిన మాట. నా నాటకాల్లో ఇక అలాంటి చావు ముగింపు ఉండదు.

పాలమూరు రిటైర్డ్ మాస్టారు:

మహబూబ్‌నగర్ జిల్లాలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. కాల్వ నీళ్ల నాటకం గురించి. శాంతి పాఠం అంటే ఇంగ్లిష్ టీచర్లు ఎక్కడెక్కడి మహనీయులనో వెతుకుతారు. మీ పాత నల్లగొండ జిల్లాలోనే పోచంపల్లి ఉంది. 1951 ఏప్రిల్ 18న గాంధీ శిష్యుడు వినోబా భావే అక్కడ ఉన్నప్పుడు దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి. భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగేవారు, ఇచ్చేవారు, నడుమ నిలబడి అడిగించినవాడు. ఇంతకంటే చక్కని సన్నివేశం ఏ పుస్తకంలో దొరుకుతుంది? పిల్లలతో ఇంగ్లిష్‌లో ఆడించండి. అడగడం, ఒప్పించడం, మాట ఇవ్వడం, ఈ మూడూ వస్తాయి.

జాతర జోలికి మాత్రం బడి పోకూడదు. ఊరికి బడి కావాలి, బడికి ఊరు కావాలి. ఒక పీరియడ్ నాటకం కోసం ఆ బంధం తెంపుకోవద్దు.

వీధినాటకం:

మాస్టారూ, పోచంపల్లి సన్నివేశం తప్పక ఆడించాలి. కానీ దాన్ని ఒంటరిగా ఆడిస్తే మంచి మనసుతోనే భూమి వచ్చిందని పిల్లలు అనుకుంటారు. అప్పటికి అయిదేళ్లుగా ఇదే జిల్లాలో భూమి కోసం సాయుధ పోరాటం నడుస్తోంది, పోలీసు క్యాంపులు ఉన్నాయి. వినోబా ఇటు నడిచి రావడానికి కారణమే అది. ఆ 80 ఎకరాలు అడిగినవారి పాత్రలకు ఆ భయం, ఆ చరిత్ర ఇవ్వకపోతే అది శాంతి కాదు, కేవలం మర్యాద. జాతర గురించి మీరన్నదీ అంతే. ఊరు కోపగించుకోకుండా ఉండటమే శాంతి అనుకుంటే బడిలో ఏదీ మాట్లాడలేము.

పాలమూరు రిటైర్డ్ మాస్టారు:

మాట్లాడవద్దని అనలేదు బాబూ. ఎవరి ఇంటి గురించి మాట్లాడుతున్నామో వారిని ముందు పిలిచి కూర్చోబెట్టాలన్నాను. వలసకు పోయినవారి పిల్లలకు పాఠం చెప్పినవాణ్ని. తండ్రి పూణేలో మట్టిపనికి పోతే తాతే బడికి వచ్చేవాడు. ఆ తాత ముందు మనవడు తన ఇంటిని తక్కువ చేసి మాట్లాడితే ఆయన మళ్లీ బడి గడప తొక్కడు. పిల్లవాడు కూడా మానేస్తాడు. ఇది చూసి చెబుతున్నాను.

మందకాపరి:

మాస్టారి మాటే నాదీ. టీచర్‌గారూ, మా ఇళ్ల పిల్లలే ఆ కథ రాశారన్నారు, అది నాకు తెలియదు. నాకూ ఒక కూతురు ఉంది. మేక పిల్లలకు పేర్లు పెట్టేది ఆమే. నన్ను అడగవద్దని నేను అనలేను.

కానీ నన్ను కుర్చీలో కూర్చోబెట్టకుండా నా గురించి నాటకం ఆడవద్దు. మేకను కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు కదా, కాపరినీ కూర్చోబెట్టండి. నేను తెలుగులో చెబుతాను, పిల్లలు ఇంగ్లిష్ చేసుకుంటారు. కోళ్ల గూళ్ల గురించి కూడా ఒక జట్టుతో నాటకం రాయించండి. గుడ్డు తినే పిల్లలే అది ఆడాలి. ఈ రెండూ చేస్తే మీ బడికి వచ్చిన ఆ తండ్రితో నేనే మాట్లాడతాను. చేయకపోతే ఆయన పక్కనే నిలబడతాను.

నల్లగొండ ఇంగ్లిష్ టీచర్:

రెండూ చేస్తాను. ప్రధానోపాధ్యాయులను అడిగి ఏ రోజో చెబుతాను. పిల్లలు మిమ్మల్ని కఠినంగానే అడుగుతారు, వారిని నేను ఆపను.

మందకాపరి:

ఆపవద్దు.

మిర్యాలగూడ అమ్మ:

మీరంతా ఒక దారికి వచ్చినట్టున్నారు, నేను రాలేదు. తెలుగులో ముందు ఆడించడం, ఇష్టం లేనివారిని వదిలేయడం బాగున్నాయి. మా పాప బడిలో ఆ రెండూ చేయలేదు, చేస్తారన్న హామీ నాకు ఎవరూ ఇవ్వలేరు. అన్ని బడుల్లో మీలాంటి టీచర్ ఉండరు. పద్ధతి తెలియనివారి చేతిలో ఇదే నాటకం పిల్లలను భయపెడుతుంది. తొమ్మిదో తరగతిలో చేయండి, ఏడాదికి రెండుసార్లు చేయండి. పదో తరగతిలో సంక్రాంతి సెలవులు అయ్యాక మార్చి పరీక్షల వరకు మాత్రం నాటకం మాట ఎత్తవద్దు. ఈ ఒక్కటి రాసి ఇస్తారా?

నల్లగొండ ఇంగ్లిష్ టీచర్:

పదో తరగతికి సంక్రాంతి తరువాత వేదిక ఉండదు, అది రాసి ఇస్తాను. తరగతి గదిలో ఇద్దరిద్దరు కూర్చుని అయిదు నిమిషాలు మాట్లాడుకోవడం మాత్రం పరీక్ష ముందురోజు వరకూ చేయిస్తాను. దాన్ని వదులుకోమంటే ఒప్పుకోను.