వీధి కుక్కలను శాశ్వతంగా తరలించమని అపార్ట్‌మెంట్ సంఘం కోరవచ్చా?

ప్రశ్న (సంఘం కార్యదర్శి, నల్లకుంట, హైదరాబాద్):
మా సందులో ఐదారు వీధి కుక్కలున్నాయి. రెండో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ రోజూ సెల్లార్‌లో లిఫ్టు పక్కనే వాటికి పెరుగన్నం పెడతారు. మరో ఫ్లాటు వారు తమ లాబ్రడార్‌ను గొలుసు లేకుండా కిందికి వదులుతారు. నిన్న అది పాలు వేసే కుర్రవాడి పిక్క పట్టుకుంది, రక్తం కూడా వచ్చింది. వీధి కుక్కలను శాశ్వతంగా తరలించాలని, ఇకపై ఎవరూ అన్నం పెట్టకూడదని, పెంపుడు కుక్కలను నిషేధించాలని ఆదివారం సమావేశంలో తీర్మానం చేయమంటున్నారు. ఇవి చట్టం ముందు నిలుస్తాయా?

మొదటి సమాధానం:
మిగతావన్నీ ఆదివారం చూసుకోవచ్చు గానీ, ముందు ఆ కుర్రవాడి సంగతి చూడండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. నిన్న కడగకపోయి ఉంటే ఇప్పుడైనా కడిగించండి. పసుపు, కారం వంటివి పూయనివ్వకండి. ఫీవర్ ఆసుపత్రి మీకు పక్కనే ఉంది, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లోనూ రేబిస్ టీకా వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజున, ఆ తర్వాత 3, 7, 28 రోజుల్లో టీకా వేయించుకోవాలి. రక్తం వచ్చింది కనుక గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల మందు) గురించి వైద్యుడిని తప్పక అడగండి. పెంపుడు కుక్కే కదా, దానికి టీకా వేయించామని యజమాని అన్నంత మాత్రాన చికిత్స మానుకోకూడదు.

రెండో సమాధానం:
కుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించమని సుప్రీంకోర్టే 2025 ఆగస్టులో చెప్పింది కదా! ఆ ఉత్తర్వును జతచేసి జీహెచ్ఎంసీకి ఫిర్యాదు ఇస్తే సరిపోతుంది.

మూడో సమాధానం:
రెండో సమాధానం ఇచ్చిన వారు సగం వార్తే చదివినట్లున్నారు. ఆగస్టు 11 నాటి ఆ ఆదేశం ఢిల్లీ పరిసరాలకు సంబంధించినది. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆగస్టు 22న దాన్ని సవరించి, రేబిస్ సోకినవి, దాడి స్వభావం ఉన్నవి మినహా మిగిలిన కుక్కలకు కుటుంబ నియంత్రణ (కు.ని.) శస్త్రచికిత్స చేసి, టీకాలు వేసి, పట్టుకున్న చోటే వదలాలని చెప్పింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి పట్టుకున్న వాటిని తిరిగి అక్కడే వదలవద్దని నవంబరు 7న మరో ఉత్తర్వు వచ్చింది గానీ, నివాస వీధులు ఆ కోవలోకి రావు.

2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కూడా పట్టుకున్న చోటే వదలమంటున్నాయి. అందుకు కారణం లేకపోలేదు: చెత్త, కోడి వ్యర్థాలు దొరికే చోటును కుక్కలు ఖాళీగా ఉండనివ్వవు, పాతవి పోతే టీకా లేని కొత్తవి వస్తాయి. కాబట్టి మీ సందులో చెవి కొన కత్తిరించి లేని కుక్కలు ఎన్నో ముందు లెక్క పెట్టండి. ఆ గుర్తు లేదంటే సాధారణంగా శస్త్రచికిత్స కానట్లే. వాటి ఫొటోలతో ఫిర్యాదు చేసి, కుక్కల బండి వచ్చినప్పుడు సంఘం తరఫున ఒకరు దగ్గరుండి చూపించండి. ఎక్కువసార్లు పని చెడేది ఇక్కడే: బండి వచ్చే వేళకు కుక్కలుండవు, ఏవి పట్టాలో చెప్పే మనిషీ ఉండడు.

అన్నం పెట్టడాన్ని నిషేధించే అధికారం సంఘానికి లేదు; చోటు, వేళ నిర్ణయించే బాధ్యత మాత్రం 20వ నియమం ప్రకారం సంఘానిదే. మెట్లు, భవన ప్రవేశాలు, పిల్లలు ఆడుకునే స్థలాలకు దూరంగా, పిల్లలూ వృద్ధులూ ఎక్కువగా తిరగని సమయంలో పెట్టాలి. అందువల్ల లిఫ్టు పక్కన వద్దని మీరు నిస్సంకోచంగా చెప్పవచ్చు, అయితే మరో చోటు మీరే చూపించాలి. పెద్దావిడ ఒప్పుకోకపోతే పశువైద్యాధికారి, పోలీసు, స్థానిక సంస్థ, మీ సంఘం ప్రతినిధులుండే జంతు సంక్షేమ కమిటీ ముందుకు వివాదాన్ని తీసుకెళ్లే వీలును అదే నియమం కల్పించింది.

నాలుగో సమాధానం:
నిజం చెప్పాలంటే మీ ప్రశ్నలో కరిచింది వీధి కుక్క కాదు, అయినా తీర్మానాల్లో మొదటి రెండూ వీధి కుక్కల మీదే ఉన్నాయి! సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే సూచనలిచ్చింది, కనుక మూడో తీర్మానమూ నిలవదు. అలాగని యజమానికి బాధ్యత లేదనుకోకండి. తన వద్ద ఉన్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి గానీ, తీవ్ర గాయానికి గానీ దారితీసే ప్రమాదాన్ని నివారించడంలో నిర్లక్ష్యం చూపితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ యజమాని నుంచి జీహెచ్ఎంసీ లైసెన్సు, టీకా పత్రం ప్రతులు అడిగి తీసుకుని, సెల్లార్‌లోనూ లిఫ్టులోనూ గొలుసు పట్టుకునే తిప్పాలని రాతపూర్వకంగా కోరండి. కరిచిన కుక్కను పది రోజులు కట్టి ఉంచి గమనించాలని, కుర్రవాడి చికిత్స ఖర్చు భరించాలని కూడా అదే లేఖలో రాయండి.