సెల్లార్‌లో పిల్లులకు తిండి పెట్టడం ఆపించాలా, వద్దా?

సీతమ్మధార_అమ్మ:
మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒకావిడ రోజూ రాత్రి పిల్లులకు తిండి పెడతారు. ఆ మధ్య ఒక పిల్లికూన మా బాబు ముంజేతిని రక్కింది. అక్కడ ఎర్రగా చిన్న పొక్కు లేచింది. మానిపోయిందిలే అనుకునేలోపు చంకలో నిమ్మకాయంత బిళ్ళ కట్టి, జ్వరం పట్టుకుంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ముందు టీబీ అన్నారు. బిళ్ళలో సూది గుచ్చి పరీక్ష, స్కాన్, మళ్ళీ రక్తపరీక్షలు. ఆ టెన్షన్‌తో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చివరికి వేరే డాక్టరు గారు చేతి మీద గీత చూసి “పిల్లి గానీ రక్కిందా?” అని అడిగాకే సంగతి తేలింది. బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా అట. అసోసియేషన్‌లో తీర్మానం చేసి ఈ తిండి పెట్టడం ఆపించాలని నా పట్టుదల. మీరేమంటారు?

లాసన్స్‌బే_బాబాయ్:
ఆపించాల్సిందేనమ్మా. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే గర్భం నిలవదని మా పెద్దవాళ్ళు ఎప్పుడో చెప్పారు. టాక్సోప్లాస్మా అంటే అదే.

మెడికో_వైజాగ్:
బాబాయ్ గారూ, టాక్సోప్లాస్మా బ్యాక్టీరియా కాదు, పరాన్నజీవి. అది వెంట్రుకలో ఉండదు. పిల్లి మలం నుంచి వస్తుంది, సరిగ్గా ఉడకని మాంసం నుంచి కూడా వస్తుంది.

ఇక్కడి విషయం బార్టొనెల్లా హెన్సెలే. పిల్లి బొచ్చులో గెంతుతూ తిరిగే సన్న పురుగులు ఉంటాయే, ఫ్లీలు, వాటి ద్వారా ఇది ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి పాకుతుంది. పిల్లి గోక్కున్నప్పుడు ఆ పురుగుల రెట్ట గోళ్ళలో చేరుతుంది. ఆ గోళ్ళతో రక్కితే మన చర్మంలోకి దిగుతుంది. ఏడాదిలోపు కూనల్లో ఎక్కువ. పిల్లి మాత్రం చాలాసార్లు హుషారుగానే ఉంటుంది కాబట్టి చూసి కనిపెట్టలేం. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో బిళ్ళ సాధారణంగా కొన్ని వారాల్లోనో నెలల్లోనో దానంతట అదే కరుగుతుంది, డాక్టర్లు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకీ, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళకీ, గుండె కవాటాల జబ్బు ఉన్నవాళ్ళకీ ప్రమాదం ఎక్కువ.

లాసన్స్‌బే_బాబాయ్:
పరాన్నజీవి అయితే ఏంటి, బ్యాక్టీరియా అయితే ఏంటి? వచ్చేది పిల్లి నుంచే కదా.

ఫ్లాట్_304:
తిండి పెట్టేది నేనే. పిల్లుల్ని పట్టుకెళ్ళి ఎక్కడో వదిలేస్తే జబ్బు పోదు, వేరే పిల్లులు వచ్చి చేరతాయి. ఆకలితో మాడేలా జంతువుల్ని వదిలేయడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. పైగా వానాకాలంలో మన సెల్లార్‌లో నీళ్ళు నిలుస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన ఆ నీళ్ళలో లెప్టోస్పైరా అనే జబ్బు బ్యాక్టీరియా ఉండొచ్చు. కాలికి పుండున్న వాచ్‌మన్ రోజూ అందులోనే నడుస్తాడు. పిల్లులు లేకపోతే ఎలుకల్ని ఎవరు ఆపుతారు?

మర్రిపాలెం_కుర్రాడు:
మేడమ్, మీరు వేసే కానాగంత చేపల తలకాయల కోసమే పందికొక్కులు వస్తున్నాయి. వాటి జోలికి ఏ పిల్లీ పోదు. మా బ్లాక్‌లో కూడా ఇదే గోల, నా బండి వైర్లు కొరికేశాయి. కుక్కలకు చల్లే పౌడర్ ఆ పిల్లుల మీద చల్లి పారేయండి, ఫ్లీలు చస్తాయి.

మెడికో_వైజాగ్:
దయచేసి ఆ పని చేయకండి! కుక్కల మందుల్లో కొన్నింట్లో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది, అది పిల్లులకు విషం. పిల్లుల కోసమే మెడ వెనక వేసే చుక్కల మందు ఉంది. పశువుల డాక్టరును అడిగి, బరువును బట్టి వేయాలి.

అమ్మ గారూ, బాబుకి రేబిస్ టీకా వేయించారా? వీధి పిల్లి రక్కితే సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. కరిస్తే ఇంకా తొందర. పాశ్చురెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా ఒక్క రోజులోపే చెయ్యి వాచేలా చేస్తుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, పన్ను మాత్రం లోతుగా దిగుతుంది.

సీతమ్మధార_అమ్మ:
టీకా ఆ రోజే మొదలుపెట్టించాం. 304 గారూ, చట్టం మీకొక్కరికే తెలుసా? 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లో తిండి పెట్టే చోటు పిల్లలు ఆడుకునే చోటికీ, మెట్లకీ దూరంగా ఉండాలని రాసి ఉంది. మీ గిన్నెలు లిఫ్ట్ పక్కనే, పిల్లల సైకిళ్ళ మధ్య.

ఫ్లాట్_304:
ఆ నిబంధనల్లో ఎక్కువగా ఉన్నది కుక్కల గురించే. అసలు మీ బాబు ఆ కూన తోక పట్టుకుని లాగాడు. నేను కళ్ళారా చూశాను.

సీతమ్మధార_అమ్మ:
మళ్ళీ అదే మాట! జ్వరం వచ్చిన రాత్రి నేను వాణ్ణి భుజాన వేసుకుని మీ తలుపు కొట్టాను. ఆ కూన బాగానే ఉందా, తిండి తింటోందా అని అడగడానికి వచ్చాను, టీకా వేసిన డాక్టరు కనుక్కోమన్నారు కాబట్టి. మీరు తలుపు గొలుసు కూడా తీయలేదు. ఆ సందులోంచే “తోక లాగితే రక్కదా మరి” అని తలుపేసేశారు. కిందకి దిగి కూనను చూపించి ఉంటే ఈ పోస్టు రాసేదాన్నే కాదు. ఆరేళ్ళ గుంటడి మీదకు నేరం తోసేశారు.

ఫ్లాట్_304:
మర్నాడే మా ఓనర్‌కు ఫోన్ చేసి నన్ను ఖాళీ చేయించమన్నది మీరు కాదా? నాకు తెలియదనుకున్నారా? మీటింగ్‌లో నేను లేచి మాట్లాడబోతే “అద్దెకున్నవాళ్ళు కూర్చోండి” అన్నారు. మెయింటెనెన్స్ నేనూ కడుతున్నాను. మీ గొడవ పిల్లులతో కాదు, నాతో.

మర్రిపాలెం_కుర్రాడు:
అద్దెకున్నా, సొంతమైనా ఓటు ఉండాలి. మా దగ్గరా ఇదే తీరు.

సీతమ్మధార_అమ్మ:
ఫోన్ చేశాను. నా బిడ్డ ఆసుపత్రిలో ఉంటే చేయక ఏం చేయను? సరే, నా షరతులు చెబుతున్నాను. గిన్నెలు జనరేటర్ గది వెనక్కి మార్చాలి. చేప తలకాయలు ఆపాలి, తిన్నాక గిన్నెలు తీసేయాలి. అన్ని పిల్లులకూ ఫ్లీ మందు వేయించాలి. అప్పుడు తీర్మానం పెట్టను.

ఫ్లాట్_304:
మందు ఖర్చు నాది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ల ఖర్చు అసోసియేషన్ పెట్టుకోవాలి. ఏటా కొత్త కూనలు పుడుతుంటే మందు ఎన్నిటికని వేస్తాను? మా ఓనర్‌కు మాత్రం మీరే ఫోన్ చేసి చెప్పాలి.

సీతమ్మధార_అమ్మ:
ముందు మందు వేయించి చీటీ చూపించండి. ఫోన్ సంగతి తర్వాత.