ఆర్టీఐ రెండో అప్పీల్ విచారణకు దరఖాస్తుదారు బదులు లా విద్యార్థి వెళ్లొచ్చా?

హైదరాబాద్‌లో లా మూడో ఏడాది చదువుతున్నాను. కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్ తరఫున బోరబండలో ఒక బస్తీకి వెళ్తుంటాం. అక్కడ టైలరింగ్ చేసే ఒకావిడ పేరు మీద, వేసిన కొద్ది రోజులకే కంకర తేలిన సీసీ రోడ్డు గురించి ఆర్టీఐ పెట్టాం. వర్క్ ఆర్డర్, ఎంబీ రికార్డు (పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్), బిల్లుల నకళ్లు అడిగాం. "సమాచారం చాలా ఎక్కువ, సెక్షన్ 7(9) ప్రకారం ఇవ్వలేం" అని ఒక్క లైను జవాబు! ఆ సెక్షన్ వేరే రూపంలో ఇవ్వమంటుందే తప్ప ఎగ్గొట్టమనదు. మొదటి అప్పీల్‌లో అదే రాశాం. 45 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే సార్ ఎప్పుడూ మీటింగ్‌లోనే ఉంటారు.

ఆర్టీఐ చట్టం సెక్షన్ 19(3) కింద సమాచార కమిషన్‌కు రెండో అప్పీల్ సిద్ధంగా ఉంది, 90 రోజుల గడువూ ఉంది. చిక్కల్లా విచారణ దగ్గరే. ఆవిడ వస్తే ఆ రోజు సంపాదన పోతుంది, పైగా అధికారుల ముందు మాట్లాడాలంటే టెన్షన్. మేమింకా అడ్వకేట్లుగా ఎన్‌రోల్ కాలేదు, కోర్టులో వాదించలేం. కమిషన్ కోర్టు కాదు కదా అని మా లెక్చరర్ ఒకరంటారు, ఇంకొకరు కుదరదంటారు.

తెలంగాణ సమాచార కమిషన్ విచారణలకు వెళ్లినవాళ్లు చెప్పండి: ఆవిడ సంతకం చేసిన ఆథరైజేషన్ లెటర్ తీసుకెళ్తే ఆవిడ బదులు మమ్మల్ని మాట్లాడనిస్తారా?